పనిముట్టుకొక చోటు

ఆ పనిముట్లు మా ఇంటికి ఒక గోనెసంచిలో వచ్చాయి. వికారాబాదులో మా వీధి చివర నివసించిన వృద్ధుడైన వడ్రంగి ఒకరు, చేతులు వణకడం మొదలైన తరువాత, ఒక సాయంకాలం వాటిని ఆటోలో వేసికొని వచ్చి మా గుమ్మం ముందు దించారు. వీధి వీధంతా ఆయనను చాచా అని పిలిచేది, మేమూ అంతే. మా ఇంటి తలుపులు, మేము చదువుకొన్న బల్ల, మా తల్లిగారి పోపులపెట్టె ఆయన చేతిలో పుట్టినవే. ఆయన పెద్ద కుమారుడు గల్ఫులో ఉన్నాడు. చిన్న కుమారుడు ఆటో నడుపుతున్నాడు. ఇద్దరిలో ఎవరూ తండ్రి వృత్తిలోకి రాలేదు. బాల్యంలో బడి వదలిన పిదప ఆయన ప్రక్కన గంటల కొద్దీ కూర్చొని చెక్కపొట్టు ఏరుకొన్న మా మీద మాత్రం ఆయనకు ఎందుచేతనో ఒక నమ్మకం ఉండేది.

"బేటా, నా చేతులు ఆగుతలేవు. ఇగ ఇవి నాతోని కాదు. నీకిచ్చేస్తున్న అనుకోకు, అమానత్ అనుకో. వీటికొక ఇల్లు కట్టు" అన్నారు.

అమానత్ అన్న మాట మన కళాశాల విద్యార్థులకు కొత్త కాదు. ఒకరు నమ్మి దాచమని అప్పగించిన వస్తువు అమానత్. దీనికే తెలుగులో ఇల్లడ అన్న పాత మాట ఉన్నది. అడిగిన రోజున ఇచ్చినది ఇచ్చినట్లుగా తిరిగి చేతిలో పెట్టడం దాని ధర్మం. ఆ ధర్మాన్ని మేము మొదట తప్పాము. ఈ వ్యాసం ఆ తప్పును గూర్చి, దానిని దిద్దుకొనడానికి మేము చేసిన బల్లను, గూళ్లను, సొరుగులను గూర్చి.

సంచి విప్పినప్పుడు అందులో 17 వస్తువులు ఉన్నాయి. ప్రతిదానికీ రెండేసి పేర్లు. మేము రంపం అన్నది చాచా నోట ఆరీ, మా చిత్రిక ఆయన రందా, ఉలి రుఖానీ, బాడిశ బసూలా, మూలమట్టం గునియా. చెక్క అంచుకు సమానంగా గీత గీసే సాధనానికి మా వద్ద పేరు లేదు, ఆయన వద్ద ఉన్నది: ఖత్కష్. వడ్రంగం కొట్టు వంటి భాషాసంగమం మరొకటి ఉండదేమో. మనం వ్రాసుకొనే మేజా పారసీకం నుండి, కూర్చొనే కుర్చీ అరబ్బీ నుండి, పుస్తకాలు దాచే అలమారు పోర్చుగీసు నుండి వచ్చిన మాటలు. వాటిని చేసిన చేతులు మాత్రం ఇక్కడివే.

ఆ సంచిని మేము ఇంటి వెనుక పాడుబడిన పశువుల కొట్టంలో ఒక మూలకు నెట్టి, "తీరిక దొరికిన పిదప చూద్దాము" అనుకొన్నాము. తీరిక దొరకలేదు, వర్షాకాలం వచ్చినది. అనంతగిరి కొండల మీద పట్టిన ముసురు వికారాబాదు మీద ఎన్ని దినాలు నిలుస్తుందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. దసరా వెళ్లిన తరువాత ఒకనాడు చాచా వచ్చి, "బేటా, ఒకసారి నా రందా చూపియ్యి" అన్నారు. సంచి అడుగు చివికిపోయి ఉన్నది. రంపం పండ్ల మీద ఎర్రని తుప్పు. ఉలులన్నీ ఒకదానినొకటి రాచుకొని అంచులు విరిగాయి. రందా చెక్క భాగాన్ని చెదలు తొలిచివేశాయి. చేతిలోకి తీసికొనగానే ఒక ప్రక్క పొడిగా రాలినది. చాచా ఒక్క మాట అనలేదు. భుజం మీది తువ్వాలుతో రందా ఇనుమును తుడిచి, మళ్లీ మా చేతిలోనే పెట్టి వెళ్లిపోయారు. తిట్టినా అంత సిగ్గు కలిగేది కాదు.

ఆ మరునాడే కొట్టాన్ని శుభ్రం చేశాము. పనిముట్లకు ఇల్లు కట్టవలెనంటే మొదట పని చేసే బల్ల కావాలి. బల్ల లేనిదే గూడు తయారు కాదు. కాని బల్ల చేయడానికి కూడ ఒక బల్ల కావలసి వస్తుంది! వడ్రంగంలోని ఈ మొదటి చిక్కు నుండి తప్పించుకొన్నవారు లేరు. మేము రెండు పాత డ్రమ్ములను బోర్లించి, వాటి మీద ఒక పాత తలుపును పరచి పని మొదలుపెట్టాము.

బల్ల పైభాగానికి తాండూరులో కూల్చిన ఒక పాత ఇంటి టేకు దూలాలు రెండు దొరికాయి. ఏండ్ల తరబడి కప్పు క్రింద ఆరిన కర్ర కనుక ఇక వంగదు, పగలదు అని సంతోషించాము. ఆ సంతోషం అరగంట నిలిచినది. దూలంలో తల తెగి లోపల మిగిలిన ఒక మేకు, తుప్పు వదలించి నూరుకొన్న రందా ఇనుమును అంచున చంద్రవంకలా కొరికివేసినది. పాత కర్ర కొన్నవారు చిత్రిక పట్టడానికి ముందు ఒక అయస్కాంతాన్ని దాని పొడవునా నడిపించవలెనని ఆనాడు నేర్చుకొన్నాము.

బల్ల ఎత్తును నిర్ణయించడంలో మరొక పొరపాటు జరిగినది. పుస్తకాలలోని బొమ్మలు చూచి 36 అంగుళాల ఎత్తున నిలబెట్టాము. కాళ్లను మేకులతో బిగించాము. చూపులకు ఘనంగానే ఉన్నది. చిత్రిక పట్టబోతే పది నిమిషాలకే భుజాలు లాగివేశాయి. బల్ల కూడ మాతోపాటు ఊగినది. కబురు పంపగా చాచా వచ్చి, బల్లను చేతితో ఒక తోపు తోసి, నవ్వారు.

"ఏంది బేటా, ఇది అన్నం తినే మేజా. పనిజేసే మేజా కాదు. నిలబడు. చేతులు కిందికి ఇడువు. మణికట్టు ఏడిదాంక వచ్చెనో గాడికి కొయ్యి."

కొలిచి చూస్తే మా మణికట్టు 31 అంగుళాల వద్ద ఉన్నది. కాళ్లను 5 అంగుళాలు కోశాము. అప్పుడు తెలిసినది ఏమనగా, చిత్రిక పట్టేది భుజం కాదు, దేహం మొత్తం. బల్ల ఎత్తుగా ఉంటే చేతులు మాత్రమే తోస్తాయి. తగినంత క్రిందుగా ఉంటే నడుము, కాళ్లు, దేహభారం కూడ వచ్చి చేరుతాయి. కావున పుస్తకంలోని కొలత ఆ పుస్తకం వ్రాసినవాని దేహానికే సరిపోతుంది. పొడగరికీ పొట్టివానికీ ఒకే బల్ల పనికిరాదు.

మేకులను కూడ చాచా పీకించారు. ముందుకు వెనుకకు తోపు పడే చోట మేకు క్రమంగా వదులవుతుంది. దానికి బదులు కాలి కొనను సన్నగా చెక్కి, అడ్డకర్రలో తొలిచిన బెజ్జంలో బిగించవలె. ఆ చెక్కిన కొన తెలుగులో కుసి, ఉర్దూలో చూల్. కుసి మందం కర్ర మందంలో మూడవ వంతు ఉండాలన్నది సాధారణమైన లెక్క. అంతకు లావైతే బెజ్జం చుట్టూ గోడలు పలుచబడి చీలుతాయి. సన్నమైతే కుసి విరుగుతుంది. పూర్తిగా అలసి సొలసినవాని స్థితిని ఉర్దూలో చూలేఁ ఢీలీ హోనా అంటారు. ఆ నుడికారం ఏ కొట్టులో పుట్టి ఉంటుందో మా మొదటి బల్లను చూచినవారికి విప్పి చెప్పనక్కరలేదు.

ఇంత చేసిన తరువాత, చాచా ఆ బల్ల వద్ద నిలబడనే లేదు! నేల మీద కూర్చొని, ఒక చెక్కను కాలి వ్రేళ్ల మధ్య ఇరికించి, మడమతో అదిమి పట్టి చూపారు. మన దేశంలో తరతరాలుగా వడ్రంగి పాదమే పట్టుగొయ్యగా పని చేసినది. ఇది పేదరికం వలన వచ్చిన అలవాటని తలచడం పొరపాటు. జపాను వడ్రంగులు నేలకు దగ్గరగా దుంగ మీద పని చేస్తారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన హెర్క్యులేనియం నగరపు గోడచిత్రం ఒకదానిలో సైతం కొయ్యపని చేసే బల్ల పొట్టిదే. కావున పెద్ద బల్ల ప్రక్కనే ఒక అడుగు ఎత్తున వేపకర్ర పీట ఒకటి చేశాము. పొడవైన చెక్కలకు పెద్ద బల్ల, చిన్న చెక్కడాలకు పీట. నేటికీ రెండింటిలో పీటనే మేము ఎక్కువగా వాడుతున్నాము.

బల్ల ఊగడం తగ్గినది కాని, బలంగా తోస్తే మొత్తం బల్లే నేల మీద జరుగుతూ వచ్చినది. దానికి బరువు కావాలి. బరువు అనగానే మన ప్రాంతంవారికి తోచేది తాండూరు బండ. 1874లో నిజాం కాలంలో వాడి నుండి సికింద్రాబాదుకు వేసిన రైలుదారి మీదనే వికారాబాదు, తాండూరు రెండూ ఉన్నాయి. ఒకనాటి ఉదయం బండి ఎక్కి, ధారూరు, రుక్మాపూర్ దాటి, కందిచేలను చూస్తూ సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణించి తాండూరులో దిగాము. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే నల్లరేగడి నేలలవి. ఆ నేల క్రిందనే పొరలు పొరలుగా సున్నపురాయి ఉన్నది. పుస్తకం పుటల వలె పొరలుగా విడివడడం దాని సహజగుణం. అందుచేతనే అది ఇంటి గచ్చు నుండి వంటింటి గట్టు వరకు, గోడ గూటి నుండి కొన్ని పాత ఇండ్ల కప్పు వరకు అన్నింటికీ ఒదిగినది. నీలి బండ, పసుపు బండ అని రెండు వన్నెలు. పట్టణం చుట్టూ కోత యంత్రాల రొద, రాతి ముక్కల గుట్టలు, తెల్లని బురద. మన ఇండ్ల నునుపైన గచ్చులకు చెల్లిస్తున్న మూల్యంలో అది కూడ ఒక భాగమని గుర్తుంచుకొనవలసి ఉన్నది.

బండల అడితిలో పని చేసే ఒక అన్న మాకు బండను ఎంచడం నేర్పారు. నిలబెట్టిన బండను ఇనుపకడ్డీతో మెల్లగా తట్టి, "సప్పుడు ఇను సారూ. గంట లెక్క మోగితే పానమున్నట్టు. బొద్దుగ మోగితే లోపట పగులున్నట్టు" అన్నారు. అటువంటి మ్రోగే బండలు ఏడు తీసికొన్నాము. రెండడుగుల చదరం, అంగుళం మందం గల బండ ఒక్కొక్కటి సుమారు 25 కిలోలు తూగుతుంది. వాటిలో నాలుగింటిని బల్ల కాళ్ల మధ్య, క్రింది అరగా, రెండేసి చొప్పున పరచాము. ఒక క్వింటాలు బరువు చేరగానే బల్ల గోడ వలె నిలిచిపోయినది. పైగా ఆ అర మీద బరువైన సామాను పెట్టుకొనే వీలు కలిగినది. బల్ల కాళ్ల క్రింద ఒక్కొక్క బండముక్క వేశాము. కర్ర నేలను తాకదు; చెదలు ఎక్కవలెనంటే కంటికి కనబడేటట్లు రాతి మీద మట్టిదారి కట్టుకొనవలసి వస్తుంది.

అయిదవ, ఆరవ బండలు గోడలో గూళ్లయ్యాయి. ఏడవది, నునుపు పట్టినది, పదునుపెట్టే పీఠమైనది. సున్నపురాయి మెత్తనిది, ఉక్కును అది అరగదీయలేదు. కాని దాని సమతలం మనకు అక్కర. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కనుగొన్న కార్బొరండం పొడి అంటించిన నీటి కాగితాన్ని తడిపి, ఆ బండ మీద పరచి, ఉలి వెనుక భాగాన్ని రుద్దితే అద్దం వలె చదునవుతుంది. ఉలికి పదును ముందు వైపున ఉన్న ఏటవాలులోనే ఉంటుందని అనుకొంటాము. వెనుక తలం చదునుగా లేనిదే ముందు వైపున ఎంత నూరినా అంచు నిలువదు.

తరువాత అసలు పని, గూళ్లు. రాతి గూటిలో ఇనుమును నేరుగా పెట్టరాదు. ముసురు రోజులలో చల్లని బండ చెమరుస్తుంది. ఆ చెమ్మ తుప్పుకు పుట్టిల్లు. అందువలన గూళ్లలో వేపచెక్కలు పరచాము. గోడకు ఒక పెద్ద పలకను బిగించి, ప్రతి ఉలికీ దాని వెడల్పుకు సరిపడే గాడి కోశాము. రంపానికి పిడి పట్టే కొయ్య. రందాకు ఒక ప్రక్క సన్నని బద్ద, దాని మీద ఆనితే ఇనుప అంచు చెక్కను తాకదు. పిదప ఒక్కొక్క పనిముట్టును దాని చోట ఆనించి, చుట్టూ నల్లరంగుతో గీత గీశాము. ఏదైన వస్తువు లేనప్పుడు ఆ ఖాళీ ఆకారం మనలను ప్రశ్నిస్తుంది. తలుపు మూసే ముందు ఒక్క చూపు చాలు. మేకులకు, మరలకు పాత డబ్బాలు వరుసగా పేర్చి, ప్రతిదానిలోని మేకును ఒకదానిని డబ్బా మూతకే అంటించాము. చదవనక్కరలేదు, చూస్తే చాలు. చాచా సలహా మీద కుట్టుమిషను నూనె గుడ్డతో ఇనుమును తుడిచి, సొరుగులో కర్పూరపు బిళ్లలు ఉంచడం కూడ అలవాటైనది.

సొరుగులు మాత్రం మమ్మల్ని ఏడిపించాయి. వేసవిలో మామిడిచెక్కతో చేసిన సొరుగు వెన్న వలె జారినది. శ్రావణం వచ్చేసరికి బిగుసుకొనిపోయి, కాలు తన్నిపెట్టి లాగినా రాలేదు. కర్ర చచ్చినా గాలిలోని తేమను పీల్చడం మానదు. పొడవునా అది పెరిగేది దాదాపు శూన్యం; అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, ఎండకు మళ్లీ కుంచించుకొంటుంది. అందులోను దుంగ వలయాల వెంబడి కలిగే మార్పు, నడి నుండి బెరడు వైపుగా కలిగే మార్పుకు ఇంచుమించు రెండింతలు. ఇది తెలియక, సందు లేకుండ అమర్చడమే పనితనం అనుకొన్నాము. చాచా జేబులో నుండి ఒక రూపాయి బిళ్ల తీసి, "దీనంత సందు ఇడువు బేటా, వానకాలం కూడ మనింటికి సుట్టమే, దానికీ జాగ గావాలె" అన్నారు. అంత తేలికగా ఆ శాస్త్రాన్ని మరెవరూ మాకు చెప్పలేదు.

ఇదంతా ముగియడానికి రెండు వేసవులు పట్టినది. చెదలు తిన్న రందాకు తుమ్మకర్రతో కొత్త ఒడలు చెక్కి, విరిగిన అంచు పోయేదాక నూరిన పాత ఇనుమునే అందులో బిగించాము. చాచాను పిలుచుకొని వచ్చాము. ఆయన గోడ పలక ముందు చాలసేపు నిలబడి, పెదవులు కదుపుతూ ఒక్కొక్కటి లెక్కించారు. పదిహేడూ ఉన్నాయి. సొరుగు ఒకటి లాగి, మూశారు. పీట మీద కూర్చొని, రందాను వణికే చేతులలోకి తీసికొని, ఒక్క తోపు తోశారు. చెక్క నుండి పొర సన్నగా, ఉల్లిపొర వలె, తెగకుండ చుట్టుకొన్నది. "అబ్ ఠీక్ హై" అన్నారు. ఆ శీతకాలంలోనే ఆయన కన్నుమూశారు.

ఇక్కడ మన విద్యార్థులకు, కళాశాల సంఘానికి ఒక మాట మనవి చేయదలచాము. 1937లో వార్ధా విద్యాప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షత వహించినవారు డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన మన హైదరాబాదులో 1897లో జన్మించినవారు. తరువాత రాష్ట్రపతి అయినవారు. చేతిపని కేంద్రంగా చదువు సాగవలెనన్న ఆ ప్రణాళిక పేర్కొన్న వృత్తులలో వడ్రంగం ఒకటి. జకరియ్యా ప్రవక్త వడ్రంగి అని హదీసులు చెబుతున్నాయి; విశ్వకర్మను కొలిచేవారి సంగతి చెప్పనే అక్కరలేదు. ఇన్ని గౌరవాలున్న పనిని చదువుకొన్నవాడు చేయరాదన్న భావం మనలో ఎట్లు ప్రవేశించినదో ఆలోచించవలసి ఉన్నది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం క్రింద వడ్రంగులతో సహా 18 వృత్తులవారికి పనిముట్ల నిమిత్తం 15,000 రూపాయల వరకు సహాయం అందే ఏర్పాటు ఉన్నది. పనిముట్లను ప్రభుత్వం ఇవ్వగలదు. వాటికి చోటు ఇవ్వవలసినది మనమే. కళాశాలలో వాడుకలో లేని ఒక గది, ఒక బల్ల, ఒక పీట, గీతలు గీసిన ఒక పలక చాలును.

మా పలక సంగతి చెప్పి ముగిస్తాము. చాచా పోయిన ఏడాదికి ఆయన మనుమడు ఒకనాడు మా గుమ్మం ముందు చాలసేపు తటపటాయించి, "చాచా, మా దాదా సామాను మీతాన ఉన్నదంట. నేను ఐ.టి.ఐ.ల కార్పెంటర్ ట్రేడుల చేరిన" అన్నాడు. సత్యం చెప్పవలెనంటే, మొదటి క్షణంలో మాకు సంతోషం కలుగలేదు. తుప్పు వదలించినది మేము, నూరినది మేము, రందా ఒడలు మా చేతి చెక్కడం. ఇనుము ఒక్కటి ఇచ్చి ఒడలు ఉంచుకొందామా అన్న నీచమైన తలపు కూడ కలిగినది. కాని ఆ అబ్బాయి అప్పటికే పీట మీద కూర్చొని, ఎవరూ చెప్పకుండానే, కాలి మడమతో ఒక చెక్కను అదిమి పట్టి చూస్తున్నాడు.

వెదకవలసిన పని లేదు. అయిదు నిమిషాలలో పదిహేడింటినీ పలక మీద నుండి దింపి, నూనెగుడ్డలో చుట్టి, రందాను రందాగానే, అతని చేతిలో పెట్టాము. గోనెసంచిలో కాదు, అందుకోసం ఒక పెట్టె చేసి ఇచ్చాము. ఆదివారాలు అతడు మా కొట్టానికి వచ్చి పెద్ద బల్ల మీద పని చేసికొంటున్నాడు.

పలక మీద ఇప్పుడు పదిహేడు ఖాళీ ఆకారాలు ఉన్నాయి. ఒక ఉలి, ఒక రంపం, ఒక సుత్తి కొని మూడింటిని నింపుకొన్నాము. తక్కిన గీతలను చెరపలేదు.